గే, ట్రాన్స్ వ్యక్తులంటే చులకన, కోపం ఎక్కడినుంచి పుడతాయి? తరగతి తయారీకి సాయం కావాలి

వేకువ_రేఖ అడిగారు:

అందరికీ నమస్కారం. ఉపాధ్యాయులకూ హాస్టల్ వార్డెన్లకూ కలిపి రెండు గంటల తరగతి ఒకటి తయారు చేస్తున్నాను. సుమారు 40 మంది ఉంటారు. గే, లెస్బియన్, ట్రాన్స్ (పుట్టినప్పుడు ఆడ, మగ అని చెప్పినదానికి తమ ఎరుక వేరుగా ఉన్న) వ్యక్తులంటే జనంలో ఉండే చులకన, ఏవగింపు, కోపం అసలు ఎక్కడినుంచి వస్తాయన్నదే విషయం. పదాలకు అర్థాలు చెప్పి, చట్టం చదివి పంపేసే తరగతులు చాలానే ఉన్నాయి. అవి అయ్యాక కూడా బయటికొచ్చి అదే మాట అంటారు. అందుకే మూలం దగ్గర మొదలుపెడదామనుకుంటున్నాను.

వెతికినకొద్దీ నాలుగు జవాబులు దొరుకుతున్నాయి. ఇది ప్రకృతికి విరుద్ధం కాబట్టి మనిషికి సహజంగానే ఏవగింపు కలుగుతుందని ఒకటి. మతం చెప్పింది కాబట్టి అని రెండోది. తెలియకపోవడం వల్లే, తెలిస్తే పోతుందని మూడోది. బాగా ద్వేషించేవాడు లోపల తానూ అదే అని నాలుగోది. ఈ నాలుగో మాట చెప్తే అందరూ నవ్వుతారు, గదిలో బిగుతు తగ్గుతుంది. కానీ నిజమో కాదో తేల్చుకోకుండా వాడదల్చుకోలేదు. వీటిలో దేనికి ఆధారం ఉంది? చదువుకున్నవాళ్ళు, ఇలాంటి తరగతులు నడిపేవాళ్ళు దయచేసి చెప్పండి.

రావిచెట్టు:

వేకువ_రేఖ గారూ, ముందు ఆ నాలుగో మాట సంగతి చెప్తాను. దాన్ని వాడకండి.

దానికి ఆధారంగా అందరూ చూపేది 1996లో అమెరికాలో హెన్రీ ఆడమ్స్ బృందం చేసిన ప్రయోగం. తమకు ఆడవాళ్ళంటే మాత్రమే ఆకర్షణ అని చెప్పిన 64 మంది మగవాళ్ళను తీసుకున్నారు. ప్రశ్నావళి ప్రకారం వాళ్ళలో 35 మందికి గేలంటే వ్యతిరేకత ఎక్కువ, 29 మందికి తక్కువ. శృంగార వీడియోలు చూపించి దేహం స్పందించే తీరు కొలిస్తే, ఇద్దరు మగవాళ్ళున్న వీడియోకు మొదటి గుంపులోనే స్పందన పెరిగింది. ఇంతవరకూ నిజమే. కానీ 64 మంది అంటే చాలా చిన్న సంఖ్య. ఆందోళన కూడా అలాంటి స్పందన తెప్పించగలదని ఆ పరిశోధకులే ఒప్పుకున్నారు. తర్వాత వేరే పద్ధతుల్లో పరీక్షించినవాళ్ళకు ఒకే రకం ఫలితం రాలేదు. కొందరి విషయంలో అది నిజం కావచ్చు, అంతే. సమాజం మొత్తంలో ఉన్న ద్వేషానికి అది కారణం కాలేదు. పైగా ఆ మాటే నిజమైతే కొట్టేవాడూ గేనే, దెబ్బలు తినేవాడూ గేనే అవుతాడు, మిగతా లోకం చేతులు దులుపుకుంటుంది. "నువ్వూ అదేనేమో" అని గదిని నవ్వించామంటే, "అది" అవమానమేనని మనమే ఒప్పుకున్నట్టు.

ఇక "సహజమైన ఏవగింపు". ఏవగింపు అనే యంత్రం సహజమే. కుళ్ళు, మలం, పురుగు పట్టిన తిండి మన దగ్గరికి రాకుండా చూడటం దాని పని. కానీ దాన్ని ఎవరి మీదికి తిప్పాలన్నది నేర్పుడు విద్య. మురికి, వాసనల వంటివాటికి త్వరగా ఏవగించుకునే స్వభావం ఉన్నవాళ్ళలో గేల పట్ల అయిష్టం కూడా కొంత ఎక్కువగా కనిపిస్తుందని 2009లో యోయెల్ ఇన్బార్ బృందం చూపింది. ఇక్కడ జనం పడే పొరపాటు ఒకటుంది. కడుపులో తిప్పడం ఒంట్లో నిజంగా జరిగే సంగతి. దాంతో మనిషి "నా ఒళ్ళే చెబుతోంది, ఇది తప్పని" అనుకుంటాడు. ఆ తిప్పడం ఎవరో నేర్పితే వచ్చిందని అతనికి తోచదు, ఎందుకంటే నేర్పినప్పుడు అది పాఠంలా లేదు.

ఎలా నేర్పుతారో దగ్గరగా చూద్దాం. ఐదేళ్ళ పిల్లాడు పరిగెడుతూ పడ్డాడు, మోకాలు గీరుకుపోయింది, ఏడుస్తున్నాడు. పెద్దాయన వచ్చి లేపి, మట్టి దులిపి, ప్రేమగానే అంటాడు: "ఛ, ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా!" ఆ ఒక్క వాక్యంలో పిల్లాడికి మూడు సంగతులు అందాయి. ఏడుపు ఆడవాళ్ళది. ఆడవాళ్ళది అంటే ఒక మెట్టు కిందిది. మగపిల్లాడు ఆ మెట్టు దిగితే సిగ్గుచేటు. గే అనే మాట వాడింకా వినలేదు, ట్రాన్స్ అంటే ఏమిటో తెలియదు. కానీ ఆ మనుషులు ఎదురైనప్పుడు వాళ్ళను పెట్టే అర మాత్రం లోపల సిద్ధమైపోయింది. పిల్లలు రెండు మూడేళ్ళకే తాము ఆడో మగో చెప్పగలరు. ఐదారేళ్ళ వయసులో ఆ నియమాల విషయంలో చాలా పట్టుదలగా ఉంటారు. పదేళ్ళు వచ్చేసరికి "తేడా", "పాయింట్ ఫైవ్" అనే మాటలు దొరుకుతాయి. అవి ఖాళీగా ఉన్న అరకు అతికించే చీటీలు.

నా అభిప్రాయంలో అసలు మూలం ఇదే: ఆడ, మగ అనే గీతకు కాపలా. దీనికి పరిశోధనలో గట్టి సాక్ష్యం ఉంది. మగతనం అన్నది కష్టపడి సంపాదించాల్సింది, ఏ క్షణమైనా పోగొట్టుకోగలిగింది అని జనం నమ్ముతారనీ, ఆడతనాన్ని అలా చూడరనీ 2008లో జోసెఫ్ వాండెల్లో, జెన్నిఫర్ బాసన్ బృందం చూపింది. 2013లో రాబ్ విల్లర్ బృందం ఒక పరీక్ష పెట్టి, కొందరు మగవాళ్ళతో "మీ జవాబులు ఆడవాళ్ళ జవాబుల్లా ఉన్నాయి" అని ఊరికే చెప్పింది. ఆ మాట విన్నవాళ్ళు గేల పట్ల ఎక్కువ వ్యతిరేకత చూపారు, యుద్ధానికి ఎక్కువ మద్దతిచ్చారు, పెద్ద కార్ల మీద ఎక్కువ మోజు చూపారు. ఆడవాళ్ళకు "మీవి మగవాళ్ళ జవాబుల్లా ఉన్నాయి" అని చెప్తే అలాంటి మార్పేమీ రాలేదు. పోయిందనుకున్న మగతనాన్ని తిరిగి రుజువు చేసుకోవడానికి గే వ్యక్తి అందుబాటులో ఉన్న సులువైన గురి అన్నమాట.

చాలా సర్వేల్లో గే మగవాళ్ళ మీద మగవాళ్ళకే వ్యతిరేకత ఎక్కువగా తేలడానికి కారణం ఇదే. ట్రాన్స్ మహిళ మీద వీధిలో విరుచుకుపడేదీ ఇందుకే. ఆమె గీత దాటింది, అదీ అందరి ముందు, పై మెట్టు అనుకునేదాన్ని వదిలేసి. ట్రాన్స్ పురుషుడికీ లెస్బియన్‌కూ వచ్చే హింస మరో రకం. "అదంతా ఏమీ ఉండదు, పెళ్ళయితే సర్దుకుంటుంది" అంటారు. తలుపులు మూసుకున్నాక జరుగుతుంది, లెక్కల్లోకి రాదు. మీ తరగతిలో వార్డెన్లు ఉన్నారు కాబట్టి ఈ రెండోదాని మీద తప్పకుండా సమయం పెట్టండి.

పాతకాగితాలు:

రావిచెట్టు గారు చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ ఆడామగా గీత దాదాపు ప్రతి సమాజంలోనూ ఉంది, ఇంత కక్ష అన్నిచోట్లా అన్ని కాలాల్లో లేదు. మరి తేడా ఎక్కడ వచ్చింది? అక్కడ కాగితాలు తిరగెయ్యాలి.

ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ కాలంలో, 1533లో, ఇలాంటి సంబంధాలకు మరణశిక్ష వేసే చట్టం వచ్చింది. అంతకుముందు అది చర్చి కోర్టుల వ్యవహారం. పాపం నేరంగా మారింది ఆ రోజునే. లండనులో 1835లో జేమ్స్ ప్రాట్, జాన్ స్మిత్ అనే ఇద్దరిని ఉరి తీశారు. ఆ నేరానికి ఇంగ్లండులో అవే చివరి ఉరిశిక్షలు. మరణశిక్ష 1861లో పోయింది గానీ, దానికి ఏడాది ముందే 1860 భారత శిక్షాస్మృతిలో 377వ సెక్షన్‌గా ఆ నేరం సముద్రం దాటింది. యావజ్జీవం లేదా పదేళ్ళ దాకా జైలు. అదే అచ్చు మలయా, సింగపూరు, బర్మాలకు వెళ్ళింది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ కోసం 1899లో రాసిన మరో అచ్చు నైజీరియా, కెన్యా, ఉగాండా వంటి ఆఫ్రికా వలసలకు వెళ్ళింది. ఫ్రాన్సు మాత్రం విప్లవం తర్వాత 1791 శిక్షాస్మృతిలోనే ఈ నేరాన్ని వదిలేసింది. అందుకే పాత ఫ్రెంచి వలసలతో పోలిస్తే పాత బ్రిటిష్ వలసల్లోనే ఈ చట్టాలు ఎక్కువగా మిగిలాయి. "ఇదంతా పరాయి దేశాల నుంచి వచ్చిన జాడ్యం" అని తరగతిలో ఎవరో ఒకరు అంటారు. ఈ దేశాల్లో శిక్ష వేసే సెక్షను పరాయి పాలకుడు రాసిందే అని తేదీలతో చూపండి. ఇంగ్లండు తన చట్టాన్ని 1967లో సడలించింది, భారత సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న 377ను పెద్దల ఇష్టపూర్వక సంబంధాలకు వర్తించకుండా కుదించింది, సింగపూరు పార్లమెంటు 2022లో తన సెక్షనును రద్దు చేసింది. ఉగాండా 2023లో వెనక్కి నడిచి, కొన్ని సందర్భాలకు మరణశిక్ష పెట్టింది.

ట్రాన్స్ వ్యక్తుల విషయంలో ఇంకా సూటిగా కనబడుతుంది. 1871 నేరస్థ జాతుల చట్టం రెండో భాగం "నపుంసకుల" పేర్లతో పోలీసు రిజిస్టరు పెట్టమంది. రిజిస్టరులో ఉన్న వ్యక్తి ఆడవాళ్ళ బట్టలో నగలో వేసుకుని వీధిలో కనబడితే, వారంటు లేకుండా పట్టుకుని రెండేళ్ళ దాకా జైల్లో వెయ్యొచ్చు. ఒక మనిషి చీర కట్టుకుని వీధిలోకి రావడమే నేరం! చట్టం చేసే పని శిక్ష వెయ్యడం ఒక్కటే కాదు. వీళ్ళు దొంగలు, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు అనే అనుమానానికి అది సర్కారు ముద్ర వేస్తుంది. చట్టం పోయినా ఆ అనుమానం ఇంటింటా మిగిలింది. ఇల్లు అద్దెకివ్వరు, పనిలో పెట్టుకోరు. బతకడానికి మిగిలిన ఒకటి రెండు దారుల్లోకి నెట్టేసి, తర్వాత ఆ దారుల్ని చూపించి "చూశారా, వీళ్ళింతే" అంటారు. వివక్ష తన సాక్ష్యాన్ని తానే తయారు చేసుకునే పద్ధతి ఇది. తరగతిలో బోర్డు మీద ఒక చక్రంలా గీసి చూపిస్తే అర్థమవుతుంది.

ఈ రెండు చట్టాల తర్వాత ఆ కక్షకు ముద్ర వేసింది వైద్యం. అమెరికా మనోవైద్య సంఘం 1952లో వేసిన తొలి జబ్బుల జాబితాలోనే స్వలింగ ఆకర్షణను చేర్చింది. అప్పటి పరిశోధనల్లో తప్పు ఎక్కడుందంటే, ఎవరిని చూసి తేల్చారన్న దగ్గర. డాక్టరు దగ్గరికి బాధతో వచ్చినవాళ్ళను, జైల్లో ఉన్నవాళ్ళను మాత్రమే పరీక్షించి, గేలందరూ ఇంతే అన్నారు. ఆసుపత్రిలో కూర్చుని లెక్కపెడితే లోకమంతా రోగులే. ఎవెలిన్ హూకర్ అనే మనస్తత్వవేత్త ఆ తప్పు సరిదిద్దారు. చికిత్సలో లేని 30 మంది గేలను, వయసు, చదువు, తెలివితేటల్లో వాళ్ళకు దీటైన 30 మంది ఇతరులను తీసుకుని మనోపరీక్షలు చేశారు. ఆ కాగితాలను పేర్లు తీసేసి పేరున్న నిపుణులకు ఇస్తే, ఏది ఎవరిదో వాళ్ళు గుర్తుపట్టలేకపోయారు. ఆ ఫలితం 1957లో అచ్చయింది. అయినా జాబితాలోంచి తీసేయడానికి 1973 డిసెంబరు దాకా పట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జాబితాలోంచి 1990 మే 17న తీసేసింది. ట్రాన్స్‌గా ఉండటాన్ని మానసిక రుగ్మతల అధ్యాయంలోంచి తప్పించిన ఆ సంస్థ కొత్త జబ్బుల పుస్తకం 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మీ తరగతిలో కూర్చునే చాలామంది చదువుకున్న రోజుల్లో ఇదింకా జబ్బే అన్నమాట. వాళ్ళను తప్పుపట్టకుండా ఈ తేదీలు ముందు పెట్టండి. "మీకు చెప్పింది అప్పటి పుస్తకం, పుస్తకం మారింది" అనడం వాళ్ళ మర్యాదకు భంగం కాదు.

పదకోశం:

ఒక్క సంగతి చేర్చి వెళ్తాను. మన పత్రికల్లో వాడే మాటల్లోనే వివక్ష దాగి ఉంది. "స్వలింగ సంపర్కులు" అంటున్నాం. ఆ మాట వినగానే వినేవాడి మనసు పడకగదిలోకి వెళ్తుంది. భార్యాభర్తల్ని ఎవరమైనా "పరలింగ సంపర్కులు" అంటామా? వాళ్ళకు సంసారం, పిల్లలు, అలకలు, ఆసుపత్రి ఖర్చులు ఉంటాయి. వీళ్ళకు మాత్రం సంపర్కం ఒక్కటే ఉన్నట్టు. "స్వలింగ ప్రేమికులు" అనండి, లేదా గే, లెస్బియన్ అనే అనండి, అందరికీ తెలుసు.

"లింగమార్పిడి చేయించుకున్నవాళ్ళు" అని ట్రాన్స్ వాళ్ళందరినీ అనడం ఇంకో తప్పు. ఆపరేషన్ ఒక చికిత్స. ట్రాన్స్ అనేది తానెవరన్న ఎరుక, ఆపరేషన్ అక్కర్లేనివాళ్ళూ, చేయించుకోలేనివాళ్ళూ ఉన్నారు. "నపుంసకుడు" అనే మాట సంతానశక్తిని, లింగ గుర్తింపును ఒకే మూటలో కట్టేస్తుంది. పుట్టుకతోనే ఆడ, మగ దేహ లక్షణాలు సాధారణం కంటే వేరుగా ఉన్న ఇంటర్‌సెక్స్ వాళ్ళది మళ్ళీ వేరే సంగతి. హిజ్రా అన్నది తమదైన గురుశిష్య బంధాలున్న ఒక సమూహం పేరు, ట్రాన్స్ మహిళలందరికీ వర్తించదు. తెలియనప్పుడు "మిమ్మల్ని ఎలా పిలవమంటారు?" అని అడగండి.

వేకువ_రేఖ:

అందరికీ ధన్యవాదాలు. నాలుగోది కొట్టేశాను. రెండు అనుమానాలు మిగిలాయి. మతం సంగతి ఎవరూ ఎత్తలేదు, తరగతిలో మాత్రం మొదట వచ్చేది అదే. ఇంకోటి, "పుట్టుకతో వచ్చింది, వాళ్ళ తప్పు కాదు" అని చెప్తే చాలా మెత్తబడతారని విన్నాను. అది వాడొచ్చా?

రావిచెట్టు:

మతం గురించి. సర్వేల్లో భక్తి ఎక్కువగా ఉన్నవాళ్ళలో వ్యతిరేకత కూడా ఎక్కువగా కనిపించే మాట నిజమే. కానీ విడదీసి చూస్తే, దేవుణ్ణి నమ్మడం కంటే బలంగా పనిచేసేది ఇంకోటుంది: పెద్దలు చెప్పిందే మాట, అందరూ నడిచిందే బాట, తప్పినవాణ్ణి దండించాల్సిందే అనే మనస్తత్వం. కెనడా మనస్తత్వవేత్త బాబ్ ఆల్టమేయర్ 1981 నుంచి దీన్ని కొలుస్తూ వచ్చారు. అది ఏ మతంలోనైనా, మతం లేనిచోటైనా ఉంటుంది. కమ్యూనిస్టు రష్యాలో స్టాలిన్ ప్రభుత్వం 1934లో మగవాళ్ళ మధ్య సంబంధాలను నేరం చేసింది, దేవుడి పేరు ఎత్తకుండానే. తరగతిలో గ్రంథాల మీద వాదనకు దిగకండి. మీరు ఒక శ్లోకం చెప్తే వాళ్ళు రెండు చెప్తారు, గంట గడిచిపోతుంది. "మీ మతంలో దయ గురించి చెప్పింది ఏది మీకు ఇష్టం?" అని అడగండి, మాట వాళ్ళనే చెప్పనివ్వండి.

పుట్టుక వాదన జాగ్రత్తగా వాడాలి. ఇది ఎంచుకున్నది కాదు, బలవంతంగా మార్చలేనిది అని నమ్మేవాళ్ళలో వ్యతిరేకత తక్కువే. కానీ అదే సమయంలో "వాళ్ళ తయారీయే వేరు, మనలాంటివాళ్ళు కారు" అన్న నమ్మకం బలపడితే వ్యతిరేకత పెరుగుతుంది. నిక్ హాస్లమ్, షెరి లెవీ 2006లో ఈ రెండింటినీ విడదీసి చూపారు. కాబట్టి "మార్చాలని చూస్తే మారదు, ప్రయత్నిస్తే గాయమే మిగులుతుంది" అనేంతవరకు చెప్పండి. జన్యువు, మెదడు అంటూ ముందుకెళ్ళకండి. "తప్పు కాదు" అన్నమాట కూడా వద్దు. ఎవరూ తప్పు చెయ్యని చోట తప్పు ఊసెందుకు?

ఎదురుకుర్చీ:

మూడో జవాబు, "తెలిస్తే పోతుంది" అన్నది, మీ తరగతిని చెడగొట్టేది అదే. సమాచారం ఒక్కటే మనసు మార్చదు. ఏది మారుస్తుందో కొలిచి చూసినవాళ్ళున్నారు.

డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా 2016లో అచ్చేసిన ప్రయోగం చూడండి. అమెరికాలోని మయామీలో 56 మంది కార్యకర్తలు 501 మంది ఓటర్ల గుమ్మాలకు వెళ్ళారు, వాళ్ళలో కొందరితో సుమారు పది నిమిషాలు ట్రాన్స్ వ్యక్తుల గురించి, మిగతావాళ్ళతో వేరే విషయం మాట్లాడారు. మొదటి గుంపులో ట్రాన్స్ వ్యక్తుల పట్ల వైఖరి మెరుగైంది, మూడు నెలల తర్వాత అడిగినా ఆ మార్పు నిలిచింది. మాట్లాడింది ట్రాన్స్ వ్యక్తి అయినా కాకపోయినా ఫలితం వచ్చింది. దీనికి ముందు ఇలాంటి ఫలితమే చెప్పిన మరో పత్రం తప్పుడు లెక్కలతో రాసిందని తేలి 2015లో వెనక్కి తీసుకున్నారు. ఆ మోసాన్ని బయటపెట్టినవాళ్ళలో ఈ ఇద్దరూ ఉన్నారు. కాబట్టి దీన్ని చాలా జాగ్రత్తగా చేశారు. 2020లో మళ్ళీ పరీక్షించి, ఒకరి అనుభవం ఒకరు తీర్పు చెప్పకుండా వినడం అనే భాగం తీసేసి వాదనలు మాత్రమే ఉంచితే ప్రభావమే కనబడలేదని చూపారు. పనిచేసింది వినడమే.

దాన్ని రెండు గంటలకు ఇలా సర్దొచ్చు.

మొదటి పది నిమిషాలు పేరు రాయని చీటీలు ఇవ్వండి. "మీ సొంత తమ్ముడో చెల్లెలో వచ్చి నేను గే, నేను ట్రాన్స్ అని చెప్తే మీకు ఎంత తేలికగా ఉంటుంది? 0 నుంచి 10లో." మడిచి డబ్బాలో వేయమనండి. "మీరు గేలను గౌరవిస్తారా" అని అడగకండి, అందరూ 10 రాస్తారు.

తర్వాత పాతిక నిమిషాలు బోర్డు మీద రెండు గళ్ళు గీయండి. మగాడంటే ఎలా ఉండాలి, ఆడదంటే ఎలా ఉండాలి, వాళ్ళు చెప్పిందే రాయండి. ఆ పైన, గడి దాటినవాళ్ళను ఏమంటారో అడగండి. మాటలు వెల్లువలా వస్తాయి. ఇక్కడే చెడుతుంది: ఎవరు పెద్ద బూతు చెప్తారా అని పోటీ పడతారు, నవ్వులు మొదలవుతాయి. అందుకే మాటల్ని నోటితో చెప్పనివ్వకండి, చీటీ మీద రాసివ్వమనండి, మూడు నిమిషాలకు ఆపండి. ఆపాక ఒక్కటే ప్రశ్న: "వీటిలో గే, ట్రాన్స్ కానివాళ్ళ మీద కూడా వాడేవి ఎన్ని?" దాదాపు అన్నీ. మెత్తగా మాట్లాడే అబ్బాయి, గట్టిగా నవ్వే అమ్మాయి, అందరూ ఆ గీతకు దెబ్బతిన్నవాళ్ళేనని అక్కడ వెలుగుతుంది. రావిచెట్టు గారు చెప్పిందంతా ఆ బోర్డు చెప్పేస్తుంది.

చరిత్రకు పావుగంట మించి వద్దు. పాతకాగితాలు గారి తేదీల్లో ఐదు తీసుకోండి: 1533, 1860, 1871, 1973, 1990.

ఆ తర్వాత అరగంట జతలుగా కూర్చోబెట్టండి. "నువ్వు మిగతావాళ్ళలా లేవని ఎవరైనా నిన్ను తక్కువ చేసిన సందర్భం చెప్పు." ఒకరు పది నిమిషాలు చెప్పాలి, రెండోవారు ప్రశ్నలు మాత్రమే అడగాలి, తర్వాత తారుమారు. చివరి పది నిమిషాల్లో "ఇదే భావం ఒక గే విద్యార్థికి రోజూ ఉంటే?" అని మీరు కలపండి. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, వినేవాళ్ళు సలహాలిస్తారు, "నాకూ అంతే" అని తమ కథ ఎత్తుకుంటారు. ముందే చెప్పండి, గుర్తుచేయండి. రెండు, ఎవరికైనా పాత గాయం పెద్దది తెరుచుకోవచ్చు. చెప్పకుండా ఉండే హక్కు ముందే ఇవ్వండి, గది బయట కౌన్సెలర్ ఒకరు ఉండాలి.

మిగిలిన సమయం సాధన కోసం, ఆఖరి పది నిమిషాలు అదే చీటీ మళ్ళీ రాయడానికి. సాధన అంటే ఒక వాక్యం నోటికి రావడం. క్లాసులో ఒకడిని "పాయింట్ ఫైవ్" అన్నారు, టీచరు వెంటనే ఏమనాలి? ఉపన్యాసం అక్కర్లేదు. "ఆ మాట ఈ గదిలో వాడం" అని ఆగి, పాఠం కొనసాగించాలి. దెబ్బతిన్న పిల్లాడి వైపు అప్పుడు చూడకూడదు, అందరి చూపూ అటే తిరుగుతుంది. వాడితో తర్వాత విడిగా మాట్లాడాలి.

వార్డెన్లు తప్పక అడిగేది పిల్లల భద్రత. ముందు నిజం చెప్పండి: పిల్లలపై అఘాయిత్యాలు చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆ ఇంటికో బడికో దగ్గరి పెద్దవాళ్ళు. 1994లో అమెరికాలో కరోల్ జెన్నీ బృందం పరిశీలించిన 269 మంది పిల్లల కేసుల్లో గే లేదా లెస్బియన్‌గా గుర్తించదగిన నేరస్థులు ఇద్దరే. ఆ పైన భద్రతా నియమం చెప్పండి: ఎవరైనా సరే, పెద్దవాళ్ళు పిల్లలతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. "గేల వల్ల ప్రమాదం లేదు" అనే వాక్యంతో మొదలుపెడితే జనానికి గే, ప్రమాదం అనే రెండు మాటలే గుర్తుంటాయి.

అతిథిగా ట్రాన్స్ వ్యక్తిని పిలిచి వేదిక మీద నిలబెట్టి కథ చెప్పించడం అందరూ చేసేదే. దానికంటే కలిసి తరగతి నడిపించండి. మనుషులు కలిస్తే వివక్ష తగ్గుతుందని 515 అధ్యయనాలను కలిపి 2006లో థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ తేల్చారు, గే లెస్బియన్ వ్యక్తుల విషయంలో ఆ ప్రభావం ఇంకా బలంగా ఉంది. కానీ సమాన హోదా, ఉమ్మడి పని, సంస్థ మద్దతు ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. మీకెంత పారితోషికమో ఆ వ్యక్తికీ అంతే ఉండాలి. దేహం, ఆపరేషన్, పాత పేరు గురించి ప్రశ్నలు లేవని తలుపు దగ్గరే రాసిపెట్టండి.

వేకువ_రేఖ:

ఇది చాలా ఉపయోగం, ఎదురుకుర్చీ గారూ. చివరిగా ఒక్కటి. "నాకు ద్వేషం లేదండీ, ఏం చేసుకుంటారో ఇంట్లో చేసుకోమనండి, అందరికీ చాటడం ఎందుకు" అనేవాళ్ళే ఎక్కువ. వాళ్ళతో ఏం చేయాలి?

ఎదురుకుర్చీ:

వాదించకండి, ఒక పని ఇవ్వండి. జతలుగా కూర్చుని, నిన్న సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో మూడు నిమిషాలు చెప్పాలి. షరతు ఒక్కటే: జీవిత భాగస్వామి ఆడో మగో బయటపడకూడదు. పెళ్ళికానివాళ్ళు అన్నో చెల్లో ఎవరో ఒకరిని అనుకుని చెప్పొచ్చు. తెలుగులో ఇది ఇంకా కష్టం. "మా ఆవిడ" అనలేరు, "ఆయన" అనలేరు, అంతటితో ఆగదు, క్రియ పట్టిచ్చేస్తుంది. వచ్చింది, తిన్నాడు, అలిగింది, నవ్వాడు. ప్రతి వాక్యం చివర ఆగి, "వచ్చారు", "తిన్నారు" అని వెతుక్కోవాలి. చాటడం అంటే ఏమిటో, తాము పొద్దున్నుంచి రాత్రిదాకా ఎన్నిసార్లు చాటుతున్నారో వాళ్ళ నోటికే తెలుస్తుంది. మూడు నిమిషాలయ్యాక ఎలా అనిపించిందో మాత్రం అడగండి.

ఎవరు తడబడకుండా చెప్పారని మాత్రం అడక్కండి. 40 మందిలో ఏళ్ళ తరబడి ఇలాగే మాట్లాడుతున్నవాళ్ళు ఒకరో ఇద్దరో ఉండొచ్చు. వాళ్ళకిది అలవాటైన పని, అస్సలు తడబడరు. ఆ ప్రశ్న అడిగితే గది మొత్తం వాళ్ళ వైపు తిరుగుతుంది.